మునసబు కోర్టు నుంచి హైకోర్టు వరకు: న్యాయవాదిగా ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు

ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా, సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు పోలీసు తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపిన ధీరుడిగా ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు తెలుగు ప్రజల హృదయాలలో చిరస్థాయిగా నిలిచిపోయారు. ఆయన రాజకీయ జీవితం సుప్రసిద్ధం. రాజకీయాలలో పూర్తిగా ప్రవేశించడానికి పూర్వం సుమారు పాతికేళ్ల పాటు ఆయన న్యాయవాది. గోదావరి తీరంలోని కింది కోర్టులో ద్వితీయ శ్రేణి ప్లీడరుగా ఆరంభమైన ఆ ప్రస్థానం మద్రాసు హైకోర్టులో అప్పీళ్లు వాదించే అగ్రశ్రేణి బారిస్టరు స్థాయికి చేరింది. ఆంధ్రులకు తమ గడ్డపై ప్రత్యేక హైకోర్టు ఏర్పడిన నాడు రాష్ట్ర ప్రభుత్వానికి సారథ్యం వహిస్తున్నది కూడా ఆయనే కావడం విశేషం. ఏటా ఆగస్టు 23న వచ్చే ఆయన జయంతి సందర్భంగా అంతగా ప్రచారానికి నోచుకోని ఆ వృత్తి జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

బాల్యం - విద్యాభ్యాసం

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెం గ్రామంలో గోపాలకృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబ భారమంతా తల్లిపై పడింది. ఆమె ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడుపుతూ పిల్లలను పోషించారు. కోర్టు పనుల మీద ఒంగోలు వచ్చే గ్రామస్థులు, ప్లీడర్లు, గుమాస్తాలు ఊరిలో నిత్యం కనిపించే ఆ రోజుల్లోనే ప్లీడరు కావాలన్న కోరిక బాలుడైన ప్రకాశంలో నాటుకున్నది. పరీక్ష రుసుము చెల్లించేందుకు చేతిలో మూడు రూపాయలు లేక తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టవలసి వచ్చిన సంఘటన ఆ కుటుంబ పరిస్థితికి అద్దం పడుతుంది.

ఈ దశలో ఆయనకు అండగా నిలిచిన వ్యక్తి మిషన్ పాఠశాల ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. నాటకాలపై అభిరుచి గల నాయుడుగారు ప్రకాశంలోని చురుకుదనాన్ని, కంఠస్వరాన్ని గుర్తించి నాటకాలలో వేషాలు వేయించారు. తాను రాజమండ్రికి మకాం మార్చినప్పుడు శిష్యుణ్ణి కూడా వెంట తీసుకువెళ్లారు. రాజమండ్రిలో కళాశాల చదువు, అనంతరం మద్రాసులో న్యాయశాస్త్ర అధ్యయనం ఆయన ప్రోత్సాహంతోనే సాధ్యమయ్యాయి. ద్వితీయ శ్రేణి ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణుడైన ప్రకాశం కొద్దికాలం ఒంగోలులో పనిచేసి, తరువాత రాజమండ్రిలో స్థిరపడ్డారు.

అంతస్తులుగా ఉన్న న్యాయవాద వృత్తి

నేడు న్యాయవాదిగా నమోదైన వ్యక్తి మునసబు కోర్టులోనైనా, సుప్రీంకోర్టులోనైనా వాదనలు వినిపించవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివరినాటి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద న్యాయవాదులు పలు తరగతులుగా విభజితమై ఉండేవారు. ప్రథమ శ్రేణి, ద్వితీయ శ్రేణి ప్లీడర్లు జిల్లాలలో పనిచేసేవారు. న్యాయశాస్త్ర పట్టభద్రులై, సీనియర్ల వద్ద శిక్షణ పొందినవారు హైకోర్టు వకీళ్లయ్యేవారు. వారికంటే పైన ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టర్లు ఉండేవారు. ఎవరు ఏ కోర్టు మెట్లు ఎక్కవచ్చునో వారి తరగతి నిర్ణయించేది.

ఈ విభజన ఫలితం కక్షిదారులపై కూడా పడేది. భూమి, దత్తత, వారసత్వం, ఈనాము హక్కులు, శిస్తు బకాయిల వంటి వివాదాలు ముందుగా జిల్లాలోని కోర్టులో విచారణకు వచ్చేవి. సాక్షులను ప్రశ్నించడం, దస్తావేజులు దాఖలు చేయడం అక్కడి ప్లీడరు పని. ఓడిన పక్షం మొదటి అప్పీలు వేసుకుంటే వాస్తవాలు, చట్టం రెండింటినీ పై కోర్టు తిరిగి పరిశీలించేది. మొదటి అప్పీలు జిల్లా కోర్టులోనే తేలిన వ్యాజ్యాలలో రెండవ అప్పీలుకు హైకోర్టుకు వెళ్లవచ్చు. అయితే అక్కడ వాస్తవాల జోలికి పోకుండా న్యాయసంబంధమైన అంశాలపైనే వాదించాలి. తెలుగులో ఉన్న దస్తావేజులు, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి అనువాదమైతే తప్ప హైకోర్టు న్యాయమూర్తుల ముందు నిలిచేవి కావు. ఆపైన మిగిలిన ఏకైక మార్గం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్.

గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతుకు ఆనాడు హైకోర్టు అంటే మద్రాసే. గోదావరిపై రైలు వంతెన 1900లో ప్రారంభమయ్యాక ప్రయాణం కొంత సులభమైనా, ఖర్చు మాత్రం తగ్గలేదు. పరాయి నగరంలో బస, కొత్త వకీలుకు ఫీజు, అనువాదపు ఖర్చులు భరించవలసి వచ్చేది. అన్నింటికీ మించి, తన వ్యాజ్యాన్ని మొదటినుంచి ఎరిగిన ఊరి ప్లీడరు అప్పీలు దశలో నోరు విప్పే వీలుండేది కాదు. కింది కోర్టులో గెలిపించిన ప్లీడరు సైతం కాగితాల కట్టను మద్రాసులోని మరొకరి చేతిలో పెట్టి రావలసిందే.

రాజమండ్రి నుంచి లండన్‌కు

న్యాపతి సుబ్బారావు పంతులు వంటి ఉద్దండులు పనిచేస్తున్న రాజమండ్రిలో పేరు తెచ్చుకోవడం కొత్తవారికి సులభసాధ్యం కాదు. అయినప్పటికీ ప్రకాశం కొద్ది సంవత్సరాలలోనే సివిల్, క్రిమినల్ వ్యాజ్యాలు రెండింటిలోనూ దిట్టగా పేరుపొందారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షిని నిలదీసే తీరు, న్యాయాధికారి ఎదుట జంకులేని వాదన ఆయనకు కక్షిదారులను తెచ్చిపెట్టాయి. పట్టణ రాజకీయాలలోనూ చురుకుగా పాల్గొని, ముప్పై రెండేళ్లు నిండకముందే రాజమండ్రి మున్సిపల్ ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు.

ఆదాయానికి, పలుకుబడికి లోటులేని ఆ దశలోనే తన తరగతి తనకు గీసిన గీత ఆయనకు స్పష్టంగా కనిపించింది. ఒక వ్యాజ్యం పనిమీద మద్రాసు వెళ్లినప్పుడు ఆయన ప్రతిభను గమనించిన ఒక బారిస్టరు, ఇంగ్లండు వెళ్లి చదువుకోవలసిందిగా సూచించారు. ద్వితీయ శ్రేణి ప్లీడరుగా ఎంత సంపాదించినా హైకోర్టులో వాదించే హక్కు రాదని గ్రహించిన ప్రకాశం ఆ సూచనను మనసుకు పట్టించుకున్నారు. మద్యమాంసాలు ముట్టనని తల్లికి మాట ఇచ్చి 1904లో ఇంగ్లండుకు ప్రయాణమయ్యారు. సముద్రయానాన్ని సంప్రదాయ కుటుంబాలు దోషంగా పరిగణించే ఆ రోజుల్లో, కుటుంబ బాధ్యతలు గల వ్యక్తి నడుస్తున్న వృత్తిని విడిచి మళ్లీ విద్యార్థి కావడం సామాన్యమైన నిర్ణయం కాదు. లండన్‌లో చదువుతోపాటు అక్కడి భారతీయుల సంఘం కార్యకలాపాలలో పాల్గొన్నారు. బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ తరఫున ఎన్నికల ప్రచారం కూడా చేశారు. బారిస్టరు పట్టాతో 1907లో స్వదేశానికి తిరిగివచ్చారు.

మద్రాసు హైకోర్టులో

స్వదేశానికి వచ్చిన ప్రకాశం మద్రాసు హైకోర్టును తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. నాటి మద్రాసు న్యాయవాద వర్గంలో రెండు బలమైన శిబిరాలు ఉండేవి. ఒకవైపు ఎర్డ్లీ నార్టన్ వంటి ఐరోపా బారిస్టర్లు, మరోవైపు మైలాపూరు కేంద్రంగా ఎదిగిన తమిళ వకీళ్లు ఉండేవారు. బారిస్టర్లకు ఒక సంఘం, వకీళ్లకు మరొక సంఘం వేర్వేరుగా పనిచేసేవి. అవి కేవలం విశ్రాంతి మందిరాలు కావు. గ్రంథాలయాలు, తీర్పుల చర్చలు, సీనియర్ల వద్ద జూనియర్లకు దొరికే శిక్షణ, కక్షిదారుల పరిచయాలు అన్నీ వాటి చుట్టూనే అల్లుకుని ఉండేవి. 1891లో ఆరంభమైన మద్రాస్ లా జర్నల్ వెనుక ఉన్నది మైలాపూరు వకీళ్ల బృందమే. బారిస్టరు పట్టా ఉన్నా, ఈ వర్గాలు దేనిలోనూ బంధుత్వంగానీ గురుత్వంగానీ లేని తెలుగువాడు ఆ ప్రాంగణంలో నిలదొక్కుకోవడం కష్టసాధ్యం.

ప్రకాశం ఆ కొరతను జిల్లాల అనుభవంతో పూడ్చుకున్నారు. కింది కోర్టులో సాక్ష్యం ఎలా నమోదవుతుందో, గ్రామ లెక్కలలో ఏ మాట ఏ అర్థంలో వాడుతారో, దస్తావేజులోని ఏ వాక్యం అనువాదంలో బలహీనపడుతుందో ఆయనకు స్వానుభవం. అచ్చయిన రికార్డును మాత్రమే చూసి వాదించే న్యాయవాదికీ, అటువంటి రికార్డును తన చేతులతో తయారు చేసిన న్యాయవాదికీ ఉండే తేడా అప్పీళ్లలో బయటపడింది. తెలుగు జిల్లాల కక్షిదారులు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. తమ భాషలోనే విషయం చెప్పుకొని, తమ గ్రామ పరిస్థితి ఎరిగిన బారిస్టరుచేత వాదింపజేసుకునే అవకాశం వారికి లభించింది. కొద్ది సంవత్సరాలలోనే హైకోర్టులో అధిక ఆదాయం గల న్యాయవాదులలో ఆయన ఒకరయ్యారు. లా టైమ్స్ అనే న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వం కూడా వహించి, తీర్పుల ప్రచురణ రంగంలోనూ తనదైన స్థానం సంపాదించుకున్నారు.

రాజద్రోహ భయం వెన్నాడుతున్న కాలంలో కూడా ఆయన వెనుకంజ వేయలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ప్రసంగించినప్పుడు పలువురు ప్రముఖులు దూరంగా ఉండగా, సభకు అధ్యక్షత వహించేందుకు ప్రకాశం ముందుకు వచ్చారు. 1911 జూన్ 17న తిరునల్వేలి కలెక్టరు ఆష్ మణియాచ్చి రైల్వే జంక్షన్‌లో హత్యకు గురైన అనంతరం ప్రభుత్వం పెట్టిన కుట్ర కేసు ఆయన ధైర్యానికి మరొక పరీక్ష. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆర్నాల్డ్ వైట్, న్యాయమూర్తులు ఐలింగ్, శంకరన్ నాయర్‌లతో కూడిన ప్రత్యేక ధర్మాసనం ఆ కేసును విచారించింది. కలెక్టరు హత్యకు సంబంధించిన కేసులో ముద్దాయిల పక్షాన నిలబడటమే పాలకుల ఆగ్రహానికి కారణం కాగల ఆ రోజుల్లో ప్రకాశం డిఫెన్సు న్యాయవాదులలో ఒకరుగా వాదించారు. ఎంతటి తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికైనా తన పక్షం వినిపించుకునే హక్కు ఉందన్న న్యాయసూత్రాన్ని ఆయన ఆచరణలో చూపారు.

వృత్తి పరిత్యాగం

కలకత్తా ప్రత్యేక కాంగ్రెస్, నాగపూర్ కాంగ్రెస్ మహాసభలు 1920లో సహాయ నిరాకరణకు పిలుపునిచ్చాయి. బ్రిటిష్ న్యాయస్థానాల బహిష్కరణ ఆ కార్యక్రమంలో ముఖ్య భాగం. న్యాయవాదులకు ఇది అన్నింటికంటే కఠినమైన పరీక్ష. ఉద్యమానికి సానుభూతి తెలపడం, విరాళం ఇవ్వడం ఒక ఎత్తు కాగా, కక్షిదారుల కాగితాలు తిప్పి ఇచ్చి జీవనాధారాన్ని వదులుకోవడం మరొక ఎత్తు. కొండా వెంకటప్పయ్య వంటి న్యాయవాదులు అప్పటికే ప్రజాసేవకు అంకితమయ్యారు. ప్రకాశం 1921లో న్యాయవాద వృత్తిని విడిచిపెట్టారు. ఏ హక్కు కోసం సముద్రాలు దాటి వెళ్లారో, ఆ హక్కును దానివల్ల లభించే ఆదాయం శిఖరస్థాయిలో ఉన్నప్పుడే వదులుకున్నారు.

1921 అక్టోబరు 29న ఆయన స్వరాజ్య పత్రికను మద్రాసులో ప్రారంభించారు. న్యాయవాదిగా సంపాదించిన ఆస్తి క్రమంగా ఆ పత్రిక నిర్వహణలో కరిగిపోయింది. ప్రభుత్వ ఆంక్షలు, ఆర్థిక ఇబ్బందుల మధ్య పద్నాలుగేళ్ల పాటు నడిచిన స్వరాజ్య చివరకు అప్పుల భారంతో మూతపడింది. భవనాలు, ధనం కలిగిన బారిస్టరు జీవితం నుంచి ప్రకాశం నిరాడంబరమైన కార్యకర్త జీవితానికి వచ్చారు. 1921 డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెస్‌లో ఆయన ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు. 1926లో కేంద్ర శాసనసభ సభ్యులయ్యారు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలోని ప్యారీస్ కార్నర్ వద్ద పోలీసులు జరిపిన కాల్పులలో ఒక వ్యక్తి మరణించారు. మృతదేహాన్ని చూసేందుకు వెళ్లిన ప్రకాశాన్ని పోలీసులు తుపాకీ చూపి అడ్డగించగా, ఆయన చొక్కా తొలగించి రొమ్ము చూపారు. ఆంధ్రకేసరి అన్న బిరుదును ప్రజలు ఆయనకు ప్రసాదించింది ఈ సాహసానికే. ఒకప్పుడు బారిస్టరుగా గౌనుతో రాకపోకలు సాగించిన ప్రాంగణానికి కూతవేటు దూరంలోనే ఈ ఘటన జరిగింది.

మంత్రిగా న్యాయశాస్త్ర అనుభవం

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా బాధ్యతలు చేపట్టిన ప్రకాశానికి పూర్వపు వృత్తి అనుభవం మరొక రూపంలో ఉపకరించింది. జమీందారీ గ్రామాల సమస్యలను పరిశీలించేందుకు నియమించిన విచారణ సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. జమీందారీ రైతుల శిస్తు వివాదాలు దశాబ్దాలుగా కోర్టులలో నలుగుతూనే ఉన్నాయి. 1908 నాటి ఎస్టేట్స్ లాండ్ చట్టం రైతులకు కొంత రక్షణ కల్పించినా, భూమికి అసలు హక్కుదారు ఎవరన్న మౌలిక ప్రశ్న మిగిలిపోయింది.

విచారణ సంఘం 1802 నాటి శాశ్వత పరిష్కార నిబంధనల వరకు వెనక్కి వెళ్లి ఆ ప్రశ్నను పరిశీలించింది. భూమిపై హక్కు రైతుదేనని, జమీందారు శిస్తు వసూలుకు మాత్రమే అధికారం గలవాడని, శిస్తు 1802 నాటి స్థాయిని మించరాదని 1938లో సమర్పించిన నివేదిక అభిప్రాయపడింది. పాత శాసనాలను, రికార్డులను ఒక్కొక్కటిగా విప్పి చూపే అప్పీలు న్యాయవాది పద్ధతి ఆ నివేదికలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. అయితే కోర్టులో అప్పీలు ఒక్క కక్షిదారుకు సంబంధించినది కాగా, ఇక్కడ ఆయన నిలబడింది లక్షలాది రైతుల పక్షాన. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో నివేదిక అమలుకు నోచుకోలేదు. జమీందారీ వ్యవస్థ రద్దు చట్టం 1948లో వచ్చింది. ఈ మధ్యకాలంలో ప్రకాశం వ్యక్తి సత్యాగ్రహంలో, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలు జీవితం అనుభవించి, 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేశారు.

గుంటూరులో హైకోర్టు

1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానితోపాటు హైకోర్టు కూడా ప్రధానాంశమే. ఈ రెండింటిలో ఒకటి రాయలసీమలో, రెండవది కోస్తా జిల్లాలలో ఉండాలన్నది నాయకుల అంగీకారం. ఎవరికి ఏది కావాలో ఎంచుకునే అవకాశం రాయలసీమకు ఇచ్చారు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ అనంతరం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు రాజధాని అయింది. ప్రకాశం ప్రథమ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

కొత్త రాష్ట్రం ఏర్పడినా, అప్పీళ్ల కోసం కొంతకాలం మద్రాసు హైకోర్టునే ఆశ్రయించవలసి వచ్చింది. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో కొలువుతీరడంతో ఆ పరిస్థితి ముగిసింది. ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు స్వీకరించిన కోకా సుబ్బారావు రాజమండ్రిలో జన్మించినవారు. అనంతర కాలంలో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు. మద్రాసులో స్థిరపడిన పలువురు తెలుగు న్యాయవాదులు గుంటూరుకు తరలివచ్చారు. జిల్లా పట్టణాల న్యాయవాదులకు హైకోర్టు అందుబాటులోకి వచ్చింది. సీనియర్ల వాదనలు వినడానికి, అప్పీళ్లలో మెలకువలు నేర్చుకోవడానికి జూనియర్లు రాష్ట్రం దాటి వెళ్లవలసిన అవసరం తప్పింది. అప్పీలు వాదించే హక్కు కోసం లండన్ దాకా వెళ్లవలసి వచ్చిన రాజమండ్రి ప్లీడరు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే ఈ మార్పు చోటుచేసుకున్నది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థాపన కూడా ఆయన ప్రభుత్వ హయాంలోనే 1954లో జరిగింది. మద్యనిషేధ విధానంపై తలెత్తిన వివాదంలో 1954 నవంబరులో శాసనసభ అవిశ్వాస తీర్మానాన్ని ఒక్క ఓటు ఆధిక్యంతో ఆమోదించడంతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. పదమూడు నెలల పాలన అలా ముగిసినా, ఆ కొద్ది కాలంలో నెలకొన్న సంస్థలు నిలిచాయి.

మార్గదర్శకమైన జీవితం

ప్రకాశం పంతులు 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. ఒకప్పుడు వేలకు వేలు ఆర్జించిన ఆ బారిస్టరు చివరకు తనకంటూ ఆస్తి మిగుల్చుకోలేదు. విజయవాడ వద్ద కృష్ణా నదిపై నిర్మించిన బ్యారేజీ, ఆయన శతజయంతి సంవత్సరమైన 1972లో ఒంగోలు జిల్లాకు పెట్టిన పేరు ఆయన స్మృతిని సజీవంగా ఉంచుతున్నాయి.

ఆయన యౌవనంలో ఎదుర్కొన్న అంతస్తుల విధానం కూడా క్రమంగా అంతరించింది. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టం హైకోర్టు న్యాయవాదుల మధ్య తేడాలను తగ్గించింది. 1949లో ప్రివీ కౌన్సిల్‌కు అప్పీళ్లు నిలిచిపోయాయి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం దేశమంతటా న్యాయవాదులను ఒకే తరగతిగా గుర్తించింది. గుంటూరులో మొదలైన హైకోర్టు 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైదరాబాదుకు తరలింది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఆంధ్రప్రదేశ్‌కు, హైదరాబాదులో తెలంగాణకు వేర్వేరు హైకోర్టులు పనిచేస్తున్నాయి.

చట్టపరంగా తరగతులు తొలగిపోయినా, దూరం, ఖర్చు, భాష అనే మూడు అవరోధాలు అప్పీలు చేసుకోదలచిన సామాన్యునికి నేటికీ పూర్తిగా తొలగిపోలేదు. గ్రామీణ కక్షిదారు మాట పై కోర్టులో యథాతథంగా వినబడాలన్నదే న్యాయవాదిగా ప్రకాశం పంతులు సాధించి చూపిన విషయం. జిల్లా కోర్టులలో పనిచేసే యువ న్యాయవాదులకు, వారికి శిక్షణ, గ్రంథాలయ వసతులు కల్పించే న్యాయవాదుల సంఘాలకు ఆయన వృత్తి జీవితం మార్గదర్శకం. ఆ అవరోధాలను తగ్గించే ప్రతి ప్రయత్నమూ ఆంధ్రకేసరికి అర్పించే నిజమైన నివాళి కాగలదు.